ఒకే టవర్‌పై 2జీ నుంచి 5జీ దాకా.. మీ ఫోన్‌లో సిగ్నల్ ఎందుకు మారుతుంటుంది?

బాల్కనీలో ఉంటే ఫోన్‌లో 5జీ అని కనిపిస్తుంది. హాల్లోకి రాగానే 4జీ అవుతుంది. లిఫ్ట్ ఎక్కితే అదీ పోతుంది. కిటికీలోంచి చూస్తే టవర్ ఎదురుగానే ఉంటుంది. మరి ఈ తేడా ఎందుకు? కారణం తెలిస్తే కొత్త సిమ్ తీసుకునేటప్పుడు, నంబర్ పోర్ట్ చేసేటప్పుడు మీ డబ్బు వృథా కాదు.

టవర్ ఒక స్తంభం మాత్రమే

సిగ్నల్ ఇచ్చేది ఇనుప టవర్ కాదు, దానికి బిగించిన పరికరాలు. నిలువుగా, పొడవాటి పెట్టెల్లా ఉండేవి యాంటెన్నాలు. ఇవి సాధారణంగా మూడు దిక్కులకు తిరిగి ఉంటాయి. ఒక్కోటి 120 డిగ్రీల మేర చూసుకుంటుంది. వాటి దగ్గరే ఉండే చిన్న పెట్టెలు రేడియో యూనిట్లు. గుండ్రటి డ్రమ్ముల్లాంటివి మీ ఫోన్ కోసం కాదు, ఒక టవర్‌ను మరో టవర్‌తో కలిపేందుకు. ఒకే టవర్‌ను రెండు మూడు కంపెనీలు అద్దెకు వాడుకోవడం మామూలే. కాబట్టి ఇంటి ఎదుట టవర్ ఉన్నంత మాత్రాన అందులో మీ కంపెనీ పరికరాలు ఉన్నాయని చెప్పలేం.

తరం మారితే ఏం మారుతుంది?

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అది 2జీ. అందులో 200 కిలోహెర్ట్జ్ చానల్‌ను 8 వంతులు చేసి ఫోన్లకు పంచుతారు. మాటలకు అది చాలు, వీడియోకు చాలదు. 3జీలో ఆ దారి వెడల్పు 5 మెగాహెర్ట్జ్ అయింది. 4జీలో ఒక్కో క్యారియర్ 20 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. 2022 అక్టోబర్ 1న మన దేశంలో మొదలైన 5జీలో, 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌పై అది 100 దాకా వెళ్తుంది. సందు కాస్తా హైవే అయినట్టన్నమాట.

ప్రతి తరానికీ కొత్త టవర్ కట్టరు. కొన్ని రేడియో యూనిట్లు సాఫ్ట్‌వేర్ మారిస్తే 2జీ, 4జీ రెండూ నడుపుతాయి. 3300 బ్యాండ్ 5జీకి మాత్రం కొత్త యాంటెన్నా పెట్టాలి. దాని లోపల డజన్ల కొద్దీ చిన్న యాంటెన్నాలు ఉండి, సిగ్నల్‌ను మీ ఫోన్ ఉన్న వైపు గురిపెడతాయి.

గోడ దాటితే ఎందుకు తగ్గుతుంది?

ఫ్రీక్వెన్సీ తక్కువైతే తరంగం దూరం వెళ్తుంది, గోడలను బాగా దాటుతుంది. ఎక్కువైతే వేగం ఇస్తుంది కానీ కాంక్రీట్ దగ్గర బలహీనపడుతుంది. 2జీ నడిచే 900 మెగాహెర్ట్జ్ మొదటి రకం. 5జీలో ఎక్కువగా వాడే 3300 రెండో రకం. అందుకే గది లోపలికి వెళ్లగానే ఫోన్ తనంతట తానే కింది బ్యాండ్‌కు దిగుతుంది. లిఫ్ట్ అయితే ఇనుప పెట్టె. అందులో ఏ తరమైనా కష్టమే.

గీతలు నిండుగా ఉన్నా యూపీఐ తిరుగుతూనే ఉంటే కారణం వేరే ఉండొచ్చు. ఒక దిక్కులో ఉన్న ఫోన్లన్నీ అదే సామర్థ్యాన్ని పంచుకుంటాయి. టవర్‌కు ఫైబర్ లేకపోయినా వేగం అక్కడే ఆగిపోవచ్చు. గీతలు సిగ్నల్ బలాన్నే చూపుతాయి, రద్దీని కాదు.

మీరు ఏం చేయాలి?

* పోర్ట్ చేసే ముందు టెలికాం కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాప్ చూడండి. ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం వాటిని ప్రజలకు అందుబాటులో ఉంచాలి. మీ వీధికి ఏ తరం వస్తుందో అందులో తెలుస్తుంది.
* ఇంట్లో పెద్దవాళ్లది 2జీ బటన్ ఫోన్ అయితే జాగ్రత్త. జియోకు 2జీ, 3జీ లేవు, ఆ సిమ్ పాత ఫోన్‌లో పనిచేయదు. ఎయిర్‌టెల్ 3జీని ఆపేసింది కానీ 2జీని ఉంచింది.
* 5జీ వచ్చి పోతూ ఉంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను 4జీకి మార్చి చూడండి. బ్యాటరీ కూడా కలిసొస్తుంది.
* సమస్య రోజూ ఉంటే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. పరిష్కారం కాకపోతే ఆ నంబర్‌తోనే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్లొచ్చు.
* టవర్ రేడియేషన్‌పై అనుమానం ఉంటే టెలికాం శాఖ ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌లో వివరాలు చూడొచ్చు. రుసుము కట్టి కొలత కూడా చేయించుకోవచ్చు.

చివరిగా ఒక హెచ్చరిక. మీ డాబాపై టవర్ పెడతాం, నెలనెలా అద్దె ఇస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మొద్దు. టవర్ పెట్టడానికి ట్రాయ్ గానీ, టెలికాం శాఖ గానీ ఇంటి యజమాని నుంచి డబ్బు తీసుకోవు. పెట్టేవాళ్లే మీకు అద్దె కట్టాలి.