365 రోజులు... 524 వంటలు... ఓ బ్లాగు!

సొంతంగా ఓ బ్లాగు పెట్టాలని చాలామందికి ఉంటుంది. ఉత్సాహంగా మొదలుపెడతారు కూడా. మూడో టపాకో నాలుగో టపాకో ఆ ఉత్సాహం కాస్తా చల్లారిపోతుంది. మరి కొన్ని బ్లాగులే ఎందుకు నిలబడతాయి? పుస్తకాలై, సినిమాలై అంతంత దూరం ఎలా వెళ్తాయి? అలా వెళ్లినవాటి సంగతులివి.

న్యూయార్క్‌లో ఓ ప్రభుత్వ సంస్థ. అందులో సెక్రటరీ ఉద్యోగం. పొద్దస్తమానం ఫోన్లు ఎత్తడమే పని. అవీ మామూలు ఫోన్లు కావు. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో జంట భవనాలు కూలిన చోట మళ్లీ ఏం కట్టాలో చూసే సంస్థ అది. అయినవాళ్లను పోగొట్టుకున్నవారి దుఃఖం, కోపం... అన్నీ ఆ ఫోన్లలోనే వినాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. ఇల్లంటే పెద్దదేం కాదు, క్వీన్స్ ప్రాంతంలో ఓ చిన్న ఫ్లాటు. అందులో ఇంకా చిన్న వంటగది. వయసేమో ముప్ఫైకి దగ్గరపడుతోంది. కాలేజీలో నాటకం, రచన చదువుకున్న జూలీ పావెల్‌కి రచయిత్రి కావాలన్న కోరిక మాత్రం కోరికగానే ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో ఆమె చేతికి అమ్మ దగ్గరున్న పాత వంటల పుస్తకం వచ్చింది. అమెరికన్లకు ఫ్రెంచి వంట నేర్పిన జూలియా చైల్డ్, మరో ఇద్దరితో కలిసి రాసిన పుస్తకమది. 1961లో అచ్చయింది. అందులోని 524 వంటలూ ఏడాదిలో వండేస్తే? ఆ సంగతులు ఎప్పటికప్పుడు రాస్తే? బ్లాగు పెట్టమని సలహా ఇచ్చింది ఆమె భర్త. 2002 ఆగస్టులో ‘సలాన్’ వెబ్ పత్రిక ఇచ్చిన చోటులో ‘జూలీ/జూలియా ప్రాజెక్ట్’ మొదలైంది.

లెక్కేస్తే రెండు రోజులకు మూడు వంటలు! పగలు ఉద్యోగం, రాత్రి వంట, ఆ పైన రాత. మూలుగ ఎముక కోసం ఊరంతా తిరగడం, బతికున్న ఎండ్రకాయల్లాంటి లాబ్‌స్టర్లను మరిగే నీళ్లలో వేయలేక గిలగిల్లాడటం, గంటల తరబడి చేసిన జెల్లీ ఎవరూ ముట్టకపోవడం... అన్నీ దాచకుండా రాసింది. మధ్యమధ్యలో బూతులు కూడా దొర్లేవి. వంట బాగా కుదిరిన రోజుకన్నా మాడిన రోజు రాసిందే పాఠకులు ఇష్టపడి చదివారు. ‘ఇవాళ ఎన్నోది? ఇంకా ఎన్ని మిగిలాయి?’ అని లెక్కపెట్టుకున్నారు. సరుకులు కొనుక్కోమని డబ్బులు పంపినవాళ్లూ ఉన్నారు.

ఒక్క మాట... దానికో గడువు

జూలీ చేసిన తెలివైన పని వంట కాదు, ఆ నియమం పెట్టుకోవడం. ‘నాకు వంటంటే ఇష్టం, దాని గురించి అప్పుడప్పుడూ రాస్తా’ అని మొదలుపెట్టి ఉంటే సంక్రాంతి ముగ్గులా నాలుగు రోజులకే చెరిగిపోయేది. ఒకే పుస్తకం, ఒకే ఏడాది అని ముందే చెప్పేసింది. ఇక ఇవాళ ఏం రాయాలన్న బెంగ లేదు. పుస్తకంలో తర్వాతి వంట ఏదో అదే! చదివేవాళ్లకేమో చివరికి గెలుస్తుందా లేదా అన్న ఉత్కంఠ. సీరియల్‌కుండే పట్టు దానంతటదే వచ్చేసింది.

మనవాళ్లలో చాలామంది సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు. బ్లాగుకి పేరు వెతకడానికి వారం, రంగులు మార్చడానికి ఇంకో వారం. తీరా రాద్దామని కూర్చుంటే కవితలూ, సినిమా కబుర్లూ, రాజకీయాలూ, ఆవకాయా అన్నీ ఒకే చోట. చదివినవాడు మళ్లీ రావాలంటే ఇక్కడ ఫలానాది దొరుకుతుందన్న నమ్మకం ఉండాలి కదా. ‘మా ఊరి గుళ్లు’, ‘నాన్న దాచిన ఉత్తరాలు’, ‘వారానికో నేత చీర’... సంగతి ఎంత చిన్నదైతే అంత మంచిది.

2003 ఆగస్టులో గడువు ముగిసే సమయానికి ‘న్యూయార్క్ టైమ్స్’ జూలీ గురించి రాసింది. ఆ తర్వాత ప్రచురణకర్తలే ఆమె కోసం వచ్చారు. 2005లో పుస్తకం, 2009లో మెరిల్ స్ట్రీప్, ఏమీ ఆడమ్స్ నటించిన ‘జూలీ అండ్ జూలియా’ సినిమా. ఇంతా జరిగితే, అసలు జూలియా చైల్డ్‌కి మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదట. ఆమె సంపాదకురాలు జూడిత్ జోన్స్ తర్వాత ఆ సంగతి చెప్పారు. కోపం రావడంలో వింతేమీ లేదు. ఆ వంటల పుస్తకం వెనక దాదాపు పదేళ్ల శ్రమ ఉంది, ఒప్పుకున్న మొదటి ప్రచురణ సంస్థ చివర్లో కాదంటే ఇంకోచోట వేయించుకోవాల్సి వచ్చింది.

ఏడుగురు చాలు!

‘రాస్తే ఎవరు చదువుతారండీ?’ కొత్తవాళ్లందరి ప్రశ్నా ఇదే. దీనికి మరియా పొపోవా కథ మంచి జవాబు. బల్గేరియా నుంచి చదువు కోసం అమెరికా వచ్చిన అమ్మాయి. 2006లో ఫిలడెల్ఫియాలో ఓ ప్రకటనల సంస్థలో పనిచేస్తూ, సహోద్యోగులకు ప్రతి శుక్రవారం ఓ ఈమెయిల్ పంపడం మొదలుపెట్టింది. ఆ వారం తను చూసిన, చదివిన ఐదు ఆసక్తికరమైన సంగతులు అందులో ఉండేవి. అందుకునేది ఎంతమందో తెలుసా? ఏడుగురు! వాళ్లు దాన్ని ఇంకొకరికి పంపడం చూసి, రాత్రి తరగతులకు వెళ్లి వెబ్‌సైటు తయారుచేయడం నేర్చుకుంది. అదే ‘బ్రెయిన్ పికింగ్స్’. పాత పుస్తకాలు, రచయితల ఉత్తరాలు, డైరీలు తవ్వి తీసి వాటి గురించి రాసే బ్లాగది. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో దాన్ని తన శాశ్వత భాండాగారంలో చేర్చుకుంది. 2021లో పేరు ‘ది మార్జినాలియన్’గా మారింది.

రోజు తప్పకపోవడం అన్నది ఇలాంటి బ్లాగులన్నిటిలోనూ కనిపిస్తుంది. నాసాలో పనిచేసిన రాండల్ మన్రో స్కూలు నోటు పుస్తకాల్లో గీసుకున్న బొమ్మల్ని 2005లో నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. కర్రపుల్లల్లాంటి మనుషులు, వాళ్ల నోట సైన్సు జోకులు. ఆ ‘ఎక్స్‌కేసీడీ’కి సోమ, బుధ, శుక్రవారాలు వచ్చాయంటే కొత్త బొమ్మ రావాల్సిందే.

బొమ్మలంటే గుర్తొచ్చింది. గీత బాగా రాదని వెనకాడేవాళ్లు ఆలీ బ్రాష్ బ్లాగు చూడాలి. 2009లో మొదలైన ‘హైపర్‌బోల్ అండ్ ఎ హాఫ్’లోని బొమ్మలు చిన్నపిల్లలు కంప్యూటర్ మీద గీసినట్టే ఉంటాయి. కళ్లు బయటికొచ్చి, గులాబీ గౌనుతో ఓ వింత ఆకారం... అది తనే! కడుపుబ్బ నవ్వించే ఆ బ్లాగులోనే 2011లో తన డిప్రెషన్ గురించి రాసింది. ఆ తర్వాత ఏడాదిన్నర మౌనం. ఏమైపోయిందోనని పాఠకులు కంగారుపడ్డారు. 2013 మేలో మళ్లీ వచ్చి ఆ చీకటి రోజుల గురించి బొమ్మలతోనే చెప్పింది. ‘నా పరిస్థితి ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలో ఇన్నాళ్లూ తెలియలేదు’ అనుకునేవారికి ఆ టపా అక్కరకొచ్చింది. ఆ ఏడాదే అవన్నీ పుస్తకమయ్యాయి.

తెలుగులో రాయడమే ఓ సాహసం

ఇక మన సంగతి. ఇవాళ ఫోనులో తెలుగు రాయడం మంచినీళ్లు తాగినంత తేలిక. తొలిరోజుల్లో అలా కాదు. ఒక్కో వెబ్‌సైటుది ఒక్కో ఫాంటు. అది మన కంప్యూటర్లో లేకపోతే తెరనిండా డబ్బాలే! అమెరికాలోని తెలుగు విద్యార్థులు రైస్ యూనివర్సిటీలో తయారుచేసిన ‘ఆర్‌టీఎస్’ పద్ధతి, అంటే ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి, చాలా ఏళ్లు ఆదుకుంది. యూనికోడ్ వచ్చాక దారి సుగమమైంది. ‘వీవెన్’ రూపొందించిన ‘లేఖిని’లో ఇంగ్లిషు అక్షరాలు కొడితే పక్కనే తెలుగు ప్రత్యక్షమయ్యేది. ఆయనదే ‘కూడలి’. ఎవరు ఏ మూల కొత్త టపా రాసినా అది కూడలిలో కనిపించేది. జల్లెడ, హారం కూడా అలాంటివే. కొత్తగా రాసినవాళ్లకు మొదటి నలుగురు పాఠకులు దొరికేది అక్కడే. పోస్టుకి ‘టపా’, కామెంటుకి ‘వ్యాఖ్య’ లాంటి మాటలు వాడుకలో పడిందీ ఆ రోజుల్లోనే.

వంటల బ్లాగుల్లో మనవాళ్లు ముందే ఉన్నారు. నంద్యాల నుంచి అమెరికా వెళ్లిన ఓ తెలుగావిడ 2005లో ‘మహానంది’ పేరుతో ఇంగ్లిషులో బ్లాగు మొదలుపెట్టారు. ఇంటి వంటలు, వాటి వెనకున్న జ్ఞాపకాలు, చక్కటి ఫొటోలు. ఆవిడే తర్వాత ‘జిహ్వ’ పేరుతో ఓ వేడుకకు తెరతీశారు. నెలకో దినుసు అనుకోవడం, దాంతో ఎవరి బ్లాగులో వాళ్లు వండి రాయడం, ఆ నెల పెద్దరికం తీసుకున్నవారు అందరి లింకులనూ ఒకచోట పేర్చడం. అచ్చం మన పేరంటమే! ఈ నెల మీ ఇంట్లో, వచ్చే నెల మా ఇంట్లో. ఒకరి పాఠకులు ఇంకొకరికి పరిచయమయ్యేవారు. ప్రచారానికి పైసా ఖర్చు లేదు. కొత్తగా బ్లాగు పెట్టేవాళ్లు ఇవాళ్టికీ అనుసరించదగ్గ ఉపాయం ఇది.

డబ్బులు వస్తాయా?

వస్తాయి... ఆలస్యంగా, కొద్దిమందికి. గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు తెలుగు పేజీలకు 2018లోగానీ రాలేదు. అప్పటికే తెలుగు బ్లాగర్లలో సగానికి సగం ఫేస్‌బుక్‌కి వెళ్లిపోయారేమో అనిపించేది. పొపోవా దారి వేరు. ప్రకటనలు వేసుకోదు, పాఠకుల విరాళాల మీద నడుపుతుంది. అయితే తను పరిచయం చేసిన పుస్తకాన్ని ఎవరైనా అమెజాన్‌లో కొంటే కమిషన్ వస్తుందన్న సంగతి స్పష్టంగా చెప్పలేదని 2013లో విమర్శలొచ్చాయి. విరాళమో కమిషనో, ఏదైనా పాఠకుడికి ముందే చెప్పేస్తే గొడవే లేదు.

పేరు రాగానే ఇంకో బెడద... కాపీ! 2007 మార్చిలో, తాము రాసిన వంటల్ని యాహూ ఇండియా మలయాళం పోర్టల్‌లో వాడేసుకున్నారంటూ కేరళ బ్లాగర్లు నిరసనకు దిగారు. వేరే రాష్ట్రాల వంటల బ్లాగర్లూ వాళ్లకు తోడు నిలిచారు.

బాగా నడుస్తున్నదాన్ని ఆపేసినవాళ్లూ ఉన్నారు. ఇంటి అలంకరణ మీద 2004లో గ్రేస్ బానీ మొదలుపెట్టిన ‘డిజైన్ స్పాంజ్’ ఎంతో పేరు తెచ్చుకుంది. 2019లో, పదిహేనేళ్లు నిండాక, ముందుగానే పాఠకులకు చెప్పి మరీ ముగించింది. చెప్పాపెట్టకుండా మాయమవడం కన్నా అదే మర్యాద.

ఇల్లు ఎవరిది?

బ్లాగు మనదే. అది ఉన్న చోటు మాత్రం మనది కాకపోవచ్చు. లక్షలమంది సొంత పేజీలు కట్టుకున్న యాహూ ‘జియోసిటీస్’ 2009 అక్టోబరులో మూతపడింది. బ్లాగుల్ని ఒకచోట చదువుకునే వీలిచ్చిన ‘గూగుల్ రీడర్’ 2013 జులైలో ఆగిపోయింది. జూలీ పావెల్ రాసుకున్న ‘సలాన్’ బ్లాగుల సేవ కూడా తర్వాత లేకుండా పోయింది. ఆమె 2022 అక్టోబరులో, 49 ఏళ్లకే గుండె ఆగి చనిపోయింది. ఆ ఏడాదంతా రాత్రిళ్లు మేలుకుని ఆమె రాసిన టపాలు చూడాలంటే ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతుక్కోవాలి. ఫేస్‌బుక్‌లో అయితే ఐదేళ్ల కింద మనమే రాసిన కథను పట్టుకోవడం సంతలో తప్పిపోయిన పిల్లాణ్ని వెతికినట్టే!

అందుకే వీలైతే సొంత పేరుతో డొమైన్ కొనుక్కోవడం మేలు. ఏడాదికోసారి కొంత రుసుము కట్టాలి. రేపు ఒకచోట మూతపడినా అదే చిరునామాతో ఇంకోచోటికి మారొచ్చు, పాఠకులు దారి తప్పరు. అంత ఖర్చెందుకు అనుకుంటే బ్లాగర్, వర్డ్‌ప్రెస్ ఉచితంగానే చోటిస్తాయి. కాకపోతే ఒక్క పని మరవకూడదు. బ్లాగర్‌లో అయితే సెట్టింగ్స్‌లో ‘బ్యాకప్’, వర్డ్‌ప్రెస్‌లో అయితే టూల్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ ఉంటాయి. నొక్కితే టపాలు, వ్యాఖ్యలతో సహా ఒకే ఫైలుగా మన కంప్యూటర్లోకి దిగుతాయి. ఫొటోలు అందులో రావు, వాటిని విడిగా దాచుకోవాలి. నెలనెలా కరెంటు బిల్లు కట్టే రోజునే ఈ పనీ పెట్టుకుంటే గుర్తుంటుంది.