బీటి తంగేడు, చెరువు కలువ

భాద్రపద బహుళ అమావాస్యనాటి ఉదయమున ఆర్మూరునుండి మెట్‌పల్లి పోవు బాటలో కమ్మర్‌పల్లి ప్రాంతమున నిలిచి చూచినచో, పిల్లలును స్త్రీలును బుట్టలు పట్టుకొని గట్ల వెంట నడచుట కనబడును. ఆనాడు ఎంగిలిపూల బతుకమ్మ. అమెరికా మొదలగు దేశములలో స్థానిక వృక్షసంఘములవారు సెలవుదినములందు గడ్డి మైదానములకును, చిత్తడి నేలలకును పోయి, మొక్కలను గుర్తుపట్టి పట్టికలు వ్రాసికొందురు. మనవారు పట్టిక వ్రాయరు కాని, చేయుపని ఇంచుమించు అదియే. తొమ్మిది దినముల ఈ పూలసేకరణ బీటిలో మొదలై చెరువులో ముగియును.

తంగేడు ఎర్రనేలలలోను, రాతిగుట్టల అంచులలోను, పశువులు తిరుగు గైరాన్ భూములలోను నీరు పెట్టువారు లేకయే పెరుగును. దీని బెరడు పూర్వము తోళ్లు పదును చేయుటకు విశేషముగ ఉపయోగపడినది. పూవు సంగతి మరియు చిత్రమైనది. అందు తేనె ఉండదు; పుప్పొడి మాత్రమే ఉండును. ఆ పుప్పొడి తిత్తుల కొనలయందు సన్నని రంధ్రములుండును. నల్లని పెద్ద తుమ్మెద పూవును గట్టిగ పట్టుకొని ఝుమ్మని ఒడలు అదరించినప్పుడే పుప్పొడి బయటికి రాలును. ఆ తుమ్మెద ఎండుకొయ్యను తొలిచి గూడు చేసికొనును. కావున బీటిలోని మోడు కూడ తంగేటికి అవసరమైనదే.

తంగేటి క్రింద గడ్డి, గడ్డిలో కౌజులు, కుందేళ్లు. ఇట్టి నేలను మనము బీడని, బంజరని పిలుచుచున్నాము. శిస్తు రాని నేలకు పెట్టిన పేరది. జీవము లేని నేలకు కాదు. 2000 సంవత్సరమున మొదటిసారి వెలువడిన భారతదేశ బంజరు భూముల పటములలో కూడ తుప్పలు పెరిగిన నేలలు పనికిరానివాటి వరుసలోనే చేరినవి. పిదప ఎవరో వచ్చి, సదుద్దేశముతోనే, అచ్చట చెట్లు దట్టముగ నాటుదురు. నీడ కమ్ముకొనగనే ఎండను కోరు గడ్డియు, తంగేడును క్షీణించును. చెట్టు నాటుట మంచిదే. నాటిన చోటెల్ల మంచిదని చెప్పజాలము. అమెరికాలో ప్రెయిరీలను ఎత్తైన గడ్డి మైదానములు నాగలి క్రింద పోయి, నూటికి నాలుగు వంతులైనను మిగులలేదు. మిగిలిన తునకలను చూచుటకే అచ్చటి సంఘములు ఇప్పుడు మైళ్ల కొలది పోవుచున్నవి.

గునుగు బీటికంటె చేనిని ఎక్కువగ ఆశ్రయించును. మక్కచేలలోను, పసుపు మళ్లలోను అది కలుపు. పసుపు ఎనిమిది తొమ్మిది మాసముల పైరు. కలుపుతీత కూలి భారమే. పసుపు పరిశోధన కేంద్రమున్న ఈ ఊరి రైతుకు ఆ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు. కలుపుమందు చల్లినందుకు అతనిని తప్పుపట్టరాదు. గట్టు మీద మాత్రము మందు చల్లక విడిచిన చాలును. గునుగు కంకి అడుగునుండి పైకి పూచుకొనిపోవును గనుక, క్రింది భాగమున నల్లని నిగనిగలాడు గింజలు ముందుగ పండును. కోసిన కంకులను ఆ గట్టు మీదనే ఒక్కసారి దులిపినచో వచ్చు ఏటి పూలకు విత్తనము పడినట్లే. (బంతియు గుమ్మడియు అమెరికా ఖండమునుండి వచ్చినవే. బతుకమ్మ వానిని ఎన్నడో తనవి చేసికొన్నది; ఆ వివాదము మనకేల?)

ఇక చెరువు. తామరకును కలువకును భేదము తెలియని పెద్దలు కూడ కలరు. తామరాకు గుండ్రముగ, చీలిక లేక, నీటికి పైన కాడ మీద నిలుచును; నీటిబొట్టు దానిపై ముత్యమువలె దొర్లును. కలువాకు నీటిపై పరచుకొని తేలును. దానికి ఒకప్రక్క చీలిక ఉండును. ఒడ్డున చాపలకు పనికివచ్చు తుంగ, దానికి లోపల జమ్ము. ఇవి అన్నియు లోతు తక్కువగ నుండు అంచునే కోరును. సదాశివనగర్‌లో 2015 మార్చి 12న ఆరంభమైన మిషన్ కాకతీయ పథకమున అనేక చెరువులలో పూడిక తీసిరి. నీటికి అది మేలు. అయితే పూడిక తీయునప్పుడు ఎచ్చటనైనను ఒడ్డును నిలువుగ కోసివేసినచో మోకాలిలోతు అంచు పోవును. దానితో తుంగయు, కలువయు పోవును. ఆ ఖాళీని గుర్రపుడెక్క ఆక్రమించును. దక్షిణ అమెరికానుండి అందమునకై తెచ్చిన ఈ మొక్క అనుకూలమైన నీటిలో రెండు వారములలోనే రెట్టింపు కాగలదు.

పట్టణములలో ఇప్పుడు తంగేడు, గునుగు కట్టలు కట్టి అమ్ముచున్నారు. కొనువారికి ఆ మొక్క ఎచ్చట పెరిగినదో తెలియదు. ఈ యేడు పూలకు పోవు పిల్లల చేతికి బుట్టతోపాటు ఒక నోటుపుస్తకము కూడ ఇయ్యవచ్చును. ఏ పూవు, ఏ గట్టున, ఎన్ని పొదలు అని మూడు మాటలు వ్రాసిన చాలును. పేరు తెలియనిచో మొదట ఇంటిలోని అవ్వను అడుగవలెను. అంతకు మించి కావలసినవారికి పుల్లయ్య, రవిప్రసాదరావు గార్లు 1995లో ప్రకటించిన నిజామాబాదు జిల్లా వృక్షసంపద గ్రంథము కలదు. మొక్కను పెరుకరాదు, పొదకు సగము పూలు విడువవలెను. సద్దుల బతుకమ్మనాడు చెరువు దగ్గర పుస్తకము మరల తెరచి, ఒడ్డున తుంగ ఉన్నదా, నీటిలోనిది కలువయా, గుర్రపుడెక్కయా అని చివరి పంక్తి వ్రాసికొనవలెను.