ఓడలు కట్టిన ఊరు కోరంగి

కోరంగి అంటే మడ అడవి అనే మాకు తెలుసు. కానీ కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ ఒడ్డునున్న ఈ ఊళ్లో ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టేవారు. 1802 ప్రాంతంలో ఓడల మరమ్మతుకు డాక్ కూడా కట్టారు. 1789లోనూ 1839లోనూ ఉప్పెన వచ్చి వేలమంది చనిపోయారు. రెండోసారి దెబ్బకు రేవు మళ్లీ కోలుకోలేదు. దానికితోడు గోదావరి తెచ్చిన ఒండ్రుతో పాయ పూడిపోయింది. పెద్ద ఓడలు లోపలికి రాలేక వ్యాపారం కాకినాడకు తరలింది.

ఊరు చిన్నదైపోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. బతుకుదెరువుకు బర్మా వెళ్లి, రంగూన్ రేవులో మూటలు మోసిన, బియ్యం మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అన్నారు. ఏ జిల్లావాళ్లయినా అదే పేరు, అదీ చులకనగా! ఓడలు కట్టిన పనివాళ్ల ఊరిపేరది.