కూలికొచ్చి కుమ్మరులయ్యారు!

తిరుత్తణి: సంక్రాంతి వారం ఉందనగా తిరుత్తణి, తిరువళ్లూరు వీధుల్లో కొత్త కుండలు దిగుతాయి. పండగ దాటాక అడిగే నాథుడుండడు. మళ్లీ చవితి బొమ్మలకో, కార్తీక ప్రమిదలకో సారె తిరగాలి. ఈ పని తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి రావాల్సిందే. కొడుకు ఫ్యాక్టరీకి పోతానంటే ఆ ఇంట్లో సారె అటకెక్కినట్టే.

మరి కులం, ఇల్లు చూడకుండా వచ్చిన వాళ్లందరికీ నేర్పితే? పుదుచ్చేరిలో అదే జరిగింది.

అమెరికా నుంచి వచ్చిన డెబొరా స్మిత్, రే మీకర్ 1971లో అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. అంతకుముందే ఆమె జపాన్‌లోని బిజెన్‌లో పనిచేశారు. ఆయన చదివింది ఆర్కిటెక్చర్, సిరామిక్స్. మన కుండ తక్కువ వేడికి కాలుతుంది, నీరు చెమరుస్తుంది, అందుకే నీళ్లు చల్లగా ఉంటాయి. వారు చేసింది 1,200 డిగ్రీలు దాటి కాల్చే స్టోన్‌వేర్. చుక్క నీరు బయటికి రాదు.

ఇల్లే ఆవం

చదువు ఎంత ఉన్నా ఏ బడీ చెప్పని పనికి మీకర్ 1985లో దిగారు. అదే ఇంటిని కాల్చడం! ఇరాన్ వాస్తుశిల్పి నాదర్ ఖలీలీ ప్రయోగాల స్ఫూర్తితో, పచ్చి ఇటుకలతో గుమ్మటంలా ఇల్లు కట్టేవారు. లోపల పచ్చి ఇటుకలు, పెంకులు పేర్చి రోజుల తరబడి మంట పెట్టేవారు. సరుకు కాలేది, దాంతోపాటు గోడలూ కాలి గట్టిపడేవి. ఆ సరుకు అమ్మితే కట్టెల ఖర్చు రావాలన్నది లెక్క. పగుళ్లు, వంపులు, కట్టెల భారం అన్నీ చేసి చూసి నేర్చుకున్నవే. పదేళ్లకు పైగా సాగిన ఈ ప్రయత్నం ఊరూరా పాకలేదు గానీ, ఆరోవిల్‌లో ‘అగ్నిజాత’ అనే ఇల్లు దానికి గుర్తు.

శిష్యులే పోటీ

పాకింది ఆయన నేర్పిన పని. నెలల తరబడి అక్కడే పనిచేస్తూ నేర్చుకున్న వారిలో మాధ్వి సుబ్రమణ్యన్, వినీత్ కక్కర్ వంటి పేరున్న కళాకారులున్నారు. అంతకన్నా మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి. కూలికొచ్చిన చుట్టుపక్కల పల్లెవాళ్లు చేయి తిరిగాక సొంత ఆవాలు పెట్టుకున్నారు. అలాంటి కప్పులు, గిన్నెలే చేసి అమ్మారు. గురువుకు వారే పోటీ. అలా ‘పాండిచ్చేరి పాటరీ’ అన్నది ఒక సంస్థ సరుకుగా కాక ఊరి సరుకుగా పేరు పడింది.

మన దగ్గర మట్టికే ఒకప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. 2024లో తమిళనాడు ప్రభుత్వం చెరువు మట్టిని తహసీల్దారు అనుమతితో ఉచితంగా తీసుకోనిచ్చింది. కేంద్రం 2023లో తెచ్చిన విశ్వకర్మ పథకం కులవృత్తికే కట్టేస్తుందని కాదన్న రాష్ట్రం, 2025లో కులంతో పనిలేని కలైంజర్ కైవినై పథకం ప్రారంభించింది. రూ.3 లక్షల దాకా రుణం, అందులో గరిష్ఠంగా రూ.50 వేల రాయితీ. బాగానే ఉంది. కానీ కనీస వయసు 35 అన్నారు. ఇరవై ఏళ్ల కుర్రాడు అప్పటిదాకా సారె దగ్గర కూర్చుంటాడా?

కాంచీపురం, తిండివనం మీదుగా పుదుచ్చేరి నాలుగైదు గంటల ప్రయాణం. మన కుర్రాళ్లు ఒకరిద్దరైనా ఆ ఆవాలు చూసి రావాలి. ఎలాగూ సంక్రాంతి తర్వాత చేతిలో పని ఉండదు.