చేతిలోని రచ్చబండ: లాభనష్టములు

మన కోనసీమ గ్రామములలో పూర్వము సందెవేళ రైతులు రచ్చబండయొద్ద కూడి పంటలసంగతి, ధరలసంగతి, ఏటినీటిసంగతి ముచ్చటించుకొనుచుండెడివారు. నేడా రచ్చబండ ప్రతివాని జేబులోనికి వచ్చినది. వాట్సాపు, ఫేస్‌బుక్కు, యూట్యూబు ఎరుగని యిల్లు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో అరుదు. అందలి మేలును, కీడునుగూర్చి సంఘసభ్యులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

ముందుగా మేలు చెప్పుట న్యాయము. కువైటునకు పోయిన కుమారుని ముఖమును రాజోలులోని తల్లి ప్రతిదినము చూచి మాటాడగలుగుచున్నది. అంబాజీపేట బజారులో కొబ్బరికాయ ధర యెట్లున్నదో దింపు తీయించుటకు ముందే రైతు తెలిసికొనుచున్నాడు. తెగులు సోకిన ఆకును ఫొటో తీసి పంపినచో, ప్రయాణపు ఖర్చు లేకయే శాస్త్రజ్ఞుని సలహా లభించును. దినమంతయు పొలములో శ్రమించినవాడు రాత్రి ఒక పాట విని, ఒక హాస్యము చూచి నవ్వుకొనుటలోను దోషము లేదు.

ఇక కీడును విచారింతము. కొబ్బరితోటలనే ఉదాహరణముగా గైకొందము. సర్పిలాకారపు తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతమున మన దేశమునందు మొదట కనబడి, పిమ్మట గోదావరి తోటలకు వ్యాపించెను. అది ఆకు అడుగున తెల్లని సుడులుగా గ్రుడ్లు పెట్టి రసము పీల్చును. అది విడుచు తియ్యని జిగురుపై నల్లని మసి పట్టును. ఫలానా ఘాటైన మందు కొట్టినచో మూడుదినములలో దోమ మాయమగునని సందేశములు తిరుగుచుండును. నమ్మి కొట్టినచో, దోమపిల్లలను చంపెడి ఎన్‌కార్సియా వంటి మిత్రకీటకములు నశించును. దోమ మరల విజృంభించును. అంబాజీపేట ఉద్యాన పరిశోధనస్థానమువారి సలహా వేరు: మిత్రకీటకములను కాపాడుడు, ఐసేరియా అను మేలుచేయు శిలీంధ్రమును పిచికారి చేయుడు. ఇది ఓపికతో చేయవలసిన పని గనుక, ఈ మాట అంత వేగముగ చేతులు మారదు.

మా తప్పునుగూడ దాచము. ఒక వరదనాటి రాత్రి ఏటిగట్టు తెగెనను వార్తయు, ఫొటోయు మా ఫోనునకు రాగా, తొందరలో దానిని నలుగురు రైతులకు పంపితిమి. గట్టు దిగువనున్న ఒక రైతు చీకటిలో పసువులను తోలుకొని మెరకకై బయలుదేరెను. మురుగుకాలువ దాటుచుండగా ఒక దూడ కొట్టుకొనిపోయెను. తెల్లవారి చూడగా గట్టు చెక్కుచెదరలేదు. ఫొటో ఎప్పటిదో, వేరొక ఏటిది. ఆ రైతు మమ్ము నిందింపలేదు. “తమరు పంపారు గదా అని కదిలామండీ” అని మాత్రమే అనెను. ఆ మాట నేటికిని మమ్ము బాధించుచున్నది. ధవళేశ్వరమునొద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులైన మొదటి హెచ్చరిక, 13 లక్షలైన రెండవది, 17 లక్షలైన మూడవది అధికారులే వెలువరింతురు. ఆ రాత్రి మేము దానిని విచారించియుండవలసినది.

ఒక్కని తొందర ఒక దూడను తీసికొనిపోగా, పలువురి తొందర ఊరినే దహింపగలదు. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా యేర్పడెను. దానికి డాక్టరు అంబేద్కరుగారి పేరు చేర్చు విషయమై మే 24న అమలాపురములో అల్లరులు చెలరేగి, ఒక మంత్రియొక్కయు ఒక శాసనసభ్యునియొక్కయు ఇండ్లు దగ్ధమయ్యెను. వాట్సాపు బృందములద్వారా యువకులను కూడగట్టిరని పోలీసులు తెలిపిరి. పెక్కుదినములు ఇంటర్నెట్టు నిలిచిపోయెను. అల్లరితో సంబంధము లేనివారును చిక్కులు పడిరి. కోపము చల్లారినపిమ్మట ఒకే కాలువనీటితో సేద్యము చేయవలసినవారము మనమే గదా!

కాలహరణము మరియొక నష్టము. మనము దేనిని ఎక్కువసేపు చూచితిమో గమనించి, అట్టిదానినే మరల మరల ముందుంచునట్లు ఈ సాధనములు చేయబడినవి. కావున పది నిమిషములకని పట్టిన ఫోను నడిరేయివరకు చేతిలోనుండును. తెల్లవారి నారుమడికి నీరు పెట్టువాడుండడు.

కావున సభ్యులకు మా విన్నపము. విత్తనమును మొలకకట్టి చూడక మడిలో చల్లము. సందేశమునుగూడ ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, ఎచ్చటిదని మూడు ప్రశ్నలు వేయక పంపవలదు. జంటబాణముల గుర్తున్నది పలుచేతులు మారినదని యెరుగుడు. పంటసందేహములకు కిసాన్ కాల్ సెంటరును 1800-180-1551 సంఖ్యలో అడుగుడు. మనకు సొమ్ము వచ్చుటకు రహస్యసంఖ్య నొక్కనక్కరలేదు, నొక్కుమన్నవాడు మోసగాడు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930కి తెలుపుడు.

దీనిని చదివినవారు, చదువురాని ఇరుగుపొరుగువారికి చదివి వినిపింప గోరెదము.