ఒక ఫోన్, మూడు అకౌంట్లు: నోట్స్ యాప్‌లో ఇంటి లెక్కలు రాసేవాళ్లు తెలుసుకోవాల్సినవి

వరంగల్: పోయినేడు రంజాన్‌కు పది రోజుల ముందు మా అబ్బా ఫోన్ కిందపడి పాడైంది. మండీబజార్‌లో మాది చిన్న బట్టల దుకాణం. ఎవరికి ఎంత ఉద్దెర ఇచ్చాం, హైదరాబాద్‌లో సరుకు ఇచ్చేవాళ్లకు మేమెంత బాకీ ఉన్నాం అన్నవన్నీ అబ్బా ఆ ఫోన్‌లోనే ఒక నోట్స్ యాప్‌లో రాసుకునేవారు. పుస్తకం మాన్పించి ఫోన్ అలవాటు చేసింది నేనే. కొత్త ఫోన్ కొని, ఆయన అకౌంట్‌తో లాగిన్ అయి యాప్ తెరిస్తే మూడంటే మూడే నోట్లు కనిపించాయి. పద్నాలుగు నెలల లెక్క లేదు.

“ఫోన్‌ల రాస్తే ఎక్కడికీ పోదంటివి కదరా” అన్నారు అబ్బా. నా దగ్గర జవాబు లేదు.

నిజానికి లెక్క ఎక్కడికీ పోలేదు. అది మా భాయ్ అకౌంట్‌లో ఉంది. జెద్దా వెళ్లేముందు భాయ్ ఆ పాత ఫోన్‌ను తన అకౌంట్‌తోనే మొదలుపెట్టి అబ్బాకు ఇచ్చాడు. తర్వాత నేను అబ్బా పేరుతో ఇంకో అకౌంట్, నాది ఇంకోటి అదే ఫోన్‌లో కలిపాను. నోట్స్ యాప్ మాత్రం భాయ్ అకౌంట్‌తోనే తెరుచుకునేది. అబ్బా అందులోనే రాస్తూ పోయారు. భాయ్ జెద్దాలో కొత్త అకౌంట్ తీసుకుని పాతది మర్చిపోయాడు. పాస్‌వర్డ్ గుర్తుంది కానీ, కొత్త ఫోన్‌లో లాగిన్ కావడానికి కోడ్ వచ్చేది అతని పాత వరంగల్ నంబరుకి. రీచార్జి లేక ఆ సిమ్ ఎప్పుడో బంద్ అయింది.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. ఒకరు గల్ఫ్‌లో, ఒకరు కాలేజీలో, ఫోన్లు చేతులు మారుతూ ఉండే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అందుకే ఈ విషయం వివరంగా రాస్తున్నాను.

యాప్ ఒకటే, అల్మారాలు వేరు

నోట్స్ యాప్‌ను ఇంటి తలుపు అనుకోండి. మనం రాసింది తలుపులో ఉండదు, లోపలి అల్మారాలో ఉంటుంది. ఆ అల్మారానే అకౌంట్. ఒక ఫోన్‌లో మూడు అకౌంట్లుంటే మూడు అల్మారాలు ఉన్నట్టు. ఒకదాంట్లో పెట్టింది ఇంకోదాంట్లో కనిపించదు.

2013లో వచ్చిన గూగుల్ కీప్‌ను చూద్దాం. యాప్ తెరిస్తే పైన కుడివైపు గుండ్రని ఫోటో లేదా పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. దాన్ని నొక్కితే ఏ అకౌంట్‌లో ఉన్నారో తెలుస్తుంది, అక్కడే మార్చుకోవచ్చు. కొత్తగా రాసే నోటు అప్పుడు తెరిచి ఉన్న అకౌంట్‌లోకే పోతుంది. మేం ఆ గుండ్రని గుర్తును ఒక్కసారి కూడా చూడలేదు. మా తప్పంతా అదే.

మైక్రోసాఫ్ట్ వన్‌నోట్ పద్ధతి కొంచెం వేరు. సొంత అకౌంట్, ఆఫీసు అకౌంట్ రెండూ ఒకేసారి కలిపి, రెండింటి నోట్‌బుక్‌లు పక్కపక్కనే చూసుకోవచ్చు. సౌకర్యమే, కానీ ఇంటి లెక్క పొరపాటున ఆఫీసు నోట్‌బుక్‌లో పడే వీలూ ఉంది. ఎవర్‌నోట్ 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్లాన్‌లో 50 నోట్లు, ఒకే నోట్‌బుక్ అని పరిమితి పెట్టింది. ఇలాంటప్పుడు డబ్బు కట్టడం ఎందుకని రెండో అకౌంట్ తెరవాలనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత ఏది ఎందులో రాశామో మనకే గుర్తుండదు.

పాస్‌వర్డ్ ఇవ్వకండి, నోటు పంచుకోండి

ఇంట్లో నలుగురూ ఒకే పాస్‌వర్డ్ వాడడం మనకు అలవాటు. దానితో పాటు మెయిల్, ఫోటోలు అన్నీ ఇచ్చేసినట్టే. దానికంటే ఎవరి అకౌంట్ వాళ్లకు ఉంచి, అందరికీ కావాల్సిన నోటును మాత్రం పంచుకోవడం మంచిది. కీప్‌లో ‘కొలాబరేటర్’ అని ఉంటుంది. అక్కడ అవతలివాళ్ల మెయిల్ ఐడీ వేస్తే ఆ ఒక్క నోటు వాళ్ల ఫోన్‌లోనూ కనిపిస్తుంది, వాళ్లూ రాయొచ్చు. దుకాణం లెక్క, నెల సరుకుల చిట్టీ, పెళ్లి ఖర్చు, జకాత్ లెక్క ఇలా పెట్టుకోవచ్చు.

ఒక్కటి గుర్తుంచుకోండి. పంచుకున్నా నోటుకు యజమాని ఒక్కరే, మొదట రాసినవాళ్లు. వాళ్లు డిలీట్ చేస్తే అందరి దగ్గరా పోతుంది. కీప్ ట్రాష్‌లో 7 రోజులే ఉంటుంది. అందుకే ముఖ్యమైన నోటు ఇంట్లో ఎక్కువ కాలం నిలిచే అకౌంట్‌లో ఉండాలి. చదువుకోను, కొలువుకు బయటికి పోయేవాళ్ల అకౌంట్‌లో వద్దు.

కాలేజీ ఇచ్చిన అకౌంట్ మనది కాదు

కాలేజీ లేదా కంపెనీ ఇచ్చిన మెయిల్‌లో రాసుకున్న నోట్లు వాళ్ల చేతిలో ఉంటాయి. కోర్సు అయిపోయాక ఆ అకౌంట్‌ను వాళ్లు ఎప్పుడైనా మూసేయొచ్చు. చివరి సెమిస్టర్‌లో ఉన్న పిల్లలు పరీక్షల నోట్లు, ప్రాజెక్టు పాయింట్లు ముందే తీసుకోవాలి. నోటును సొంత అకౌంట్‌కు పంచుకుని, అక్కడ కాపీ చేసుకోవచ్చు. కాలేజీ అనుమతిస్తే ‘గూగుల్ టేకౌట్’తో అన్నీ ఒకేసారి దించుకోవచ్చు.

వాడని అకౌంట్, వాడని సిమ్

సొంత అకౌంట్ అయినా రెండేళ్లు ఎక్కడా లాగిన్ కాకపోతే గూగుల్ దాన్ని తొలగించవచ్చు. 2023 మేలో ఈ నియమం ప్రకటించారు, ఆ ఏడాది డిసెంబరు నుంచి తొలగించడం మొదలైంది. అకౌంట్ పోతే నోట్లూ పోతాయి.

సిమ్ సంగతీ అంతే. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ బంద్ చేయొచ్చు. ఇంకో 90 రోజులు ఆగాక అదే నంబరు వేరేవాళ్లకు పోవచ్చు. మన కోడ్ అప్పుడు ఎవరి ఫోన్‌కు వస్తుందో ఆలోచించండి. గల్ఫ్‌కు పోయేవాళ్లు విమానం ఎక్కేముందే అకౌంట్‌లో రికవరీ నంబరును ఇంట్లో వాడే నంబరుకు మార్చాలి.

ఇంకో పెద్ద విషయం ఉంది. మనలో ఎవరైనా కాలం చేస్తే ఆస్తి పంచేముందు వాళ్ల అప్పులు తీర్చాలి. ఆ అప్పుల లెక్క ఎవరూ తెరవలేని అకౌంట్‌లో ఉంటే ఎలా తీరుస్తాం? గూగుల్‌లో ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే ఏర్పాటు ఉంది. 3 నుంచి 18 నెలల మధ్య మీరు పెట్టిన గడువు దాకా అకౌంట్ వాడకపోతే, మీరు ఎంచుకున్నవాళ్లకు సమాచారం పోతుంది. పది మంది దాకా పేర్లు ఇవ్వొచ్చు.

ఈ రోజే చేయాల్సిన నాలుగు పనులు

1. ఇంట్లో ప్రతి ఫోన్‌లో నోట్స్ యాప్ తెరిచి, ఏ అకౌంట్‌లో ఉందో చూడండి. అది ఒక కాగితం మీద రాసి పెట్టండి.

2. ప్రతి అకౌంట్‌కు రికవరీ నంబరు పనిచేస్తోందా చూడండి.

3. పిన్, ఓటీపీ, ఏటీఎం కార్డు నంబరు నోట్లలో రాయకండి. కీప్‌లో ఒక నోటుకు విడిగా తాళం వేసే వీలు లేదు.

4. పాత ఫోన్ అమ్మేముందు, కావాల్సిన నోట్లు కొత్త ఫోన్‌లో కనిపిస్తున్నాయని చూసుకున్నాకే అకౌంట్ తీసేయండి.

ఇక మా లెక్క ఎలా దొరికిందో చెప్తాను. నాలుగో రోజు అమ్మీ అల్మారా సర్దుతుంటే భాయ్ పాత ల్యాప్‌టాప్ బయటపడింది. ఆన్ చేస్తే అతని అకౌంట్ అందులో ఇంకా తెరిచే ఉంది. నోట్లన్నీ ఉన్నాయి.

ఆ నాలుగు రోజుల్లో, లెక్క పోయిందని తెలియకుండానే ఒకాయన దుకాణానికి వచ్చి “చాచా, నావి 1,800 ఉన్నయ్, తీస్కోండ్రి” అని ఇచ్చి పోయాడు. తర్వాత చూస్తే నోటులో సరిగ్గా అంతే ఉంది. కానీ అబ్బాకు నిద్ర పట్టకుండా చేసింది రావాల్సిన డబ్బు కాదు, మేం ఇవ్వాల్సిన బాకీ. “మనం బాకీ ఉన్నోళ్లను పోయి ఎంతని అడుగుత?” అనేవారు.

ఇప్పుడు ఆ నోటు అబ్బా అకౌంట్‌లో ఉంది. నా ఫోన్‌లో, భాయ్ ఫోన్‌లో కూడా కనిపిస్తుంది. నెలకోసారి దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి గల్లా పెట్టెలో పెడుతున్నాను. అబ్బా అడిగింది అదొక్కటే.