ఆకాశమునుండి కనిపించు పాతపట్టణములు

మన పల్లెలలో ఊరి వెలుపలి దిబ్బను 'పాటి' యందురు. ఆ పాటిమన్నును ఎరువుగా బండ్లతో తోలుకొనుట తరతరములుగా వచ్చుచున్న అలవాటు. అట్టి దిబ్బ యొకప్పటి ఊరే కావచ్చును. మదనపల్లె చెంతనున్న చిప్పిలిలోని వైదుంబ రాజుల శాసనములు, ఈ సీమ వేయేండ్లకు పూర్వమే జనావాసమని చాటుచున్నవి.

త్రవ్వకుండగనే భూమిలోని పాతకట్టడముల జాడ తెలిసికొను మార్గమొకటి నేడు కలదు. అదియే దూరసంవేదనము, అనగా రిమోట్ సెన్సింగ్. 1988లో ప్రయోగింపబడిన మన దేశపు ఐ.ఆర్.ఎస్.-1ఎ మొదలు అనేక ఉపగ్రహములు నేలను చిత్రించుచున్నవి. 2005 నాటి కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల వివరమును చూపగలిగెను. ఈ చిత్రములను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము సిద్ధపరచుచున్నది.

ఇది పనిచేయు తీరు రైతులకు తేలికగా బోధపడును. పూడిన గోడపై మన్ను పలుచన. అచట పైరు ముందుగా వాడును. పూడిన కందకములో తేమ నిలుచును. అచట పైరు పచ్చగా నుండును. మన కంటికి కనబడని పరారుణ కిరణములలో ఈ భేదము మరింత స్పష్టమగును.

ఓరుగల్లును చూడుడు. కోటలో నిలిచినవానికి గోడ యొక ముక్కయే కనిపించును. పైనుండి చూచినచో రాతికోట, దానిచుట్టు మట్టికోట ఒకదానిలో నొకటి యిమిడిన వలయములుగా తేటపడును. 2012లో కంబోడియా దేశపు అంగ్కోర్ ప్రాంతమున హెలికాప్టరునుండి లేసరు కిరణములు ప్రసరింపజేయగా, అడవి క్రింద దాగిన వీథులు, కాలువలు, చెరువులు బయల్పడినవి.

చెరువులే ఆధారమైన మన సీమకు ఇందు మరియొక మేలు కలదు. తెగిన కట్టలు, పూడిన కాలువలు చిత్రములలో ఆనవాలు చూపును. వాటిని బాగుచేయు ఆలోచనకు అవి తోడ్పడును.

అయినను చిత్రము సూచన మాత్రమే. నిజము తేల్చునది నేలయే. దిబ్బను చదును చేసిన పిమ్మట ఏ ఉపగ్రహమును దానిని తిరిగి చూపజాలదు. కావున పంచాయతీ సభ్యులు తమ గ్రామపు పాటిదిబ్బలను, శాసనపు రాళ్లను, పాతకట్టలను జాబితా వ్రాసియుంచవలెను. మన్ను తోలకాలకు, చదునుపనులకు తీర్మానము చేయుటకు ముందు పురావస్తుశాఖకు తెలుపవలెను. భూమిలో నిధి దొరికినచో 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి కలెక్టరుకు తెలియజేయవలెను.

ఒక బండి మన్ను ఒక పంటకు బలమిచ్చును. అదే మన్ను చోటు కదలక యున్నచో ఊరి చరిత్రకు సాక్ష్యమై నిలుచును.